సామాను దగ్గర ఎవరుంటారు?

నేను ఒక హంసను. నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, తర్వాత విందురు గాని. నా ఒళ్ళు ఫైబరు, కడుపులో పెడళ్ళు, ముందు ఇద్దరూ వెనక ఇద్దరూ కూర్చునే పడవను. పాడేరు దాటి ఇంకా పైకి వెళ్తే కొండల నడుమ ఊటగెడ్డ సరస్సు ఉంది. దాని ఒడ్డున పార్కు, పార్కులో డేరాలు, గేటు మీద ‘సంవత్సరం పొడుగునా తెరిచే ఉంటుంది’ అని బోర్డు. ఆ నీళ్ళ మీద చాలా ఏళ్ళు రాజ్యం ఏలాను. ఇప్పుడు ఒడ్డున గడ్డిలో కూర్చున్నాను. నా పెడళ్ళు ఊడదీసి కొత్తగా వచ్చిన పడవకు బిగించారు. బిగించుకోనీండి. పెడళ్ళు పోయాయి గాని నా నోరు పోలేదు.

పుట్టింది కాకినాడలో, ఒక రేకుల షెడ్డులో. మాకు కళ్ళు దిద్దినవాడు టీ తాగుతూ దిద్దాడు గనక నా కుడికన్ను కాస్త పైకి పోయింది. అందువల్ల నేను ఎవరిని చూసినా అనుమానంగా చూస్తున్నట్టే ఉంటుంది. నిజానికి అనుమానమే. మొదట నన్ను ఒక పట్నం పార్కు కొలనులో వేశారు. అందులో నీళ్ళకంటే బిస్కెట్ కాగితాలు ఎక్కువ. ఆ పార్కు మూతపడ్డాక లారీ ఎక్కించి కొండల మీదికి పంపారు. ఘాట్ రోడ్డు మలుపులో టీ కొట్టు ఆవిడ నన్ను ఏ అమ్మవారి వాహనమో అనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. ఆమెను తప్పు పట్టను. ఆ క్షణంలో నాకూ అలాగే అనిపించింది.

ఊటగెడ్డ నీళ్ళు తాకగానే తెలిసింది, నేను పుట్టింది ఇందుకేనని. చలికాలంలో ఇక్కడ పొద్దెక్కేదాకా నా ముక్కు నాకే కనబడదు, అంత పొగమంచు. జనం మఫ్లర్లు చుట్టుకుని డేరాల్లోంచి బయటికొచ్చి, ఏమీ కనబడని సరస్సును ఆత్రంగా ఫోటోలు తీస్తారు. ఎండాకాలంలో వేడి పడలేక కొండెక్కి వచ్చినవాళ్ళు సాయంత్రానికల్లా చలి మంట ఏదని అడుగుతారు. వానాకాలంలో దాదాపు ఎవరూ రారు. సరస్సు నిండి రేవు మెట్లెక్కుతుంది, ఎదుటి కొండ మీద ఎక్కడ పడితే అక్కడ తెల్లగా నీళ్ళు దూకుతాయి. ఏడాదికంతటికీ అందమైన ఆ రోజుల్ని నేనూ గాసన్నా మాత్రమే చూసేవాళ్ళం. గాసన్న పక్క గూడెం మనిషి. లైఫ్ జాకెట్లు తొడిగి బెల్టులు బిగించడం, టైం అయిపోతే విజిలు వేయడం అతని పని.

హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందంటారు. పాలు నేనెప్పుడూ చూడలేదు. మనుషుల్ని మాత్రం బాగానే వేరు చేశాను. తొక్కేవాళ్ళెవరో, తొక్కుతున్నట్టు కాళ్ళాడించేవాళ్ళెవరో నాకు మొదటి మలుపులోనే తెలిసిపోయేది. ‘పడవ బరువుగా ఉంది’ అని ఎక్కువగా అనేది రెండో రకం వాళ్ళే. ఒక పెళ్ళికొడుకు ఫోటో కోసం నా మెడకు వేలాడి దాన్ని విరగ్గొట్టాడు. గాసన్న అతికించాడు గాని కాస్త పొట్టిదైంది. అప్పటినుంచి పిల్లలు నన్ను బాతు అంటున్నారు. పిల్లలకేం తెలుసు.

ఒడ్డున ఇంకో రకం మనుషులు ఉంటారు. ఏ కుటుంబం వచ్చినా రేవు దగ్గర ఒక ప్రశ్న పుడుతుంది, ‘సామాను దగ్గర ఎవరుంటారు?’ అని. అడగడం మర్యాద కోసమే. జవాబు ఇంట్లో బయల్దేరేటప్పుడే ఖాయమై ఉంటుంది. అనకాపల్లి బెల్లం వర్తకుల కుటుంబంలో ఆ జవాబు వరహాలమ్మ.

అన్నదమ్ములిద్దరు, ఒకే ఇల్లు, ఒకే కొట్టు. ఏటేటా పిల్లల్నీ పులిహోరనీ వేసుకుని వచ్చి రెండు డేరాల్లో దిగేవాళ్ళు. అన్న సింహాద్రి, అతని భార్య వరహాలమ్మ. తమ్ముడి భార్య హైమ. వాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు హైమ కొత్తకోడలు, చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. అందరూ జాకెట్లు తొడుక్కుంటుంటే వరహాలమ్మ వెనక్కి తగ్గింది.

“నాకు నీళ్ళంటే బయం. మీరెల్లి రండి, నేను సామాను కాడ కూకుంటాను” అంది.

ఆ మాట అక్కడితో ఆమెకు ఊరూ పేరూ అయిపోయింది. మరుసటి ఏడు ఎవరూ అడగనే లేదు. సంచులు చెట్టు కింద పెట్టడం, వాటి పక్కన ఆమె కూర్చోవడం, మిగతావాళ్ళు పరుగెత్తుకొచ్చి నన్నెక్కడం. “మా ఆడదానికి నీళ్ళంటే హడల్” అని సింహాద్రి ఏటా గాసన్నకు చెప్పేవాడు, అదేదో తన ఇంటి గొప్ప అయినట్టు.

నా వంకర కన్ను ఆ చెట్టువైపే ఉండేది. మేము కదలగానే కుచ్చెళ్ళ కింద ఆమె పాదాలు కూడా కదిలేవి, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. నీళ్ళంటే హడలిపోయేవాళ్ళ కాళ్ళు అలా ఆడవు. నాకు జాలేసేది, ఒళ్ళూ మండేది. ఎక్కుతానని ఒక్కసారి అంటే ఏం పోయింది, అడగందే అమ్మైనా పెట్టదంటారే అనుకునేదాన్ని.

చివరిసారి వాళ్ళు వానల్లో వచ్చారు, రెండు కార్లలో. ఎప్పుడూ ఒకటే వ్యాను. రేవు షెడ్డులో సింహాద్రి గాసన్నతో మెల్లగా చెప్పాడు.

“మేం ఏరుపోనాం గాసన్నా. ఇల్లూ కొట్టూ పంచీసుకున్నాం. డేరాలు ముందే మాటాడీసినాం గనక వచ్చినాం. మళ్ళీ ఏడు ఇలగ అందరం రావడం ఉండదు.”

షెడ్డులో ఒక మూల అన్న, ఒక మూల తమ్ముడు కూర్చున్నారు. పులిహోర రెండు గిన్నెల్లో వచ్చింది. సంచులు కూడా ఎవరివి వాళ్ళ కాళ్ళ సందునే. తోటికోడళ్ళకైతే పంపకాల నాటినుంచి మాటల్లేవు. ఉండీ ఉండీ పైన రేకుల మీద కోతులు దూకుతుంటే చప్పుడుకు అందరూ తలెత్తేవాళ్ళు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నది అప్పుడే.

వరహాలమ్మ లేచి, అలవాటుకొద్దీ చెట్టు కిందికి వచ్చి కూర్చుంది. ఇటూ అటూ చూసింది. పక్కన కాపలా కాయడానికి ఒక్క సంచీ లేదు. కాసేపు అలాగే ఖాళీ చేతుల్తో కూర్చుని, లేచి తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

“గాసన్నా, పడవెక్కుతాను.”

“మీకు బయం గదమ్మా? అయ్యగారు చెప్తారు గదా.”

“ఆయనకేటి తెలుసు.”

గాసన్న జాకెట్టు తీశాడు గాని ఇవ్వలేదు. “ఒక్కరే అయితే ఒరిగిపోద్దమ్మా. ఇంకొకలు ఉండాల” అన్నాడు.

ఆమె షెడ్డువైపు చూసింది. పిలవలేదు. పిలిచి కాదనిపించుకోవడం ఎందుకనుకుందేమో, అక్కడే నా మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. నా నోరు మనుషులకు వినబడేదైతే నేనే కేక పెట్టేదాన్ని. మళ్ళీ ఏడు ఈ కుటుంబం రాదు. ఈ మనిషి ఇప్పుడు ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కదు. ఆమె చెయ్యి తీసేసి వెనక్కి తిరిగింది.

షెడ్డు గుమ్మంలో హైమ నిలబడి ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు. చేతిలో సంచి లోపలే వదిలేసి, తల మీద తువ్వాలు కప్పుకుని మెట్లు దిగి వచ్చింది.

“నేనొస్తానక్కా” అంది. అంతే.

ఇద్దరూ ఎక్కారు. మొదట ఒకరు ముందుకూ ఒకరు వెనక్కూ తొక్కి నన్ను ఉన్నచోటే గిరగిరా తిప్పారు. వరహాలమ్మ నవ్వింది. ఆ నవ్వు నేనంతవరకూ విననిది. సన్నగా తుంపర పడుతోంది. మెల్లగా కాళ్ళు కుదిరాయి, మేము సరస్సు మధ్యకు వచ్చాం.

“బయం లేదేటి నీకు?” హైమ అడిగింది.

“లేదు.”

“మరి ఇన్నేళ్ళూ?”

“ఆ మొదటిసారి సామాను కాడ ఒకలు ఉండాలన్నారు గదా. నేనెక్కితే చిన్నదానివని నిన్నే ఉంచీసుదురు. కొత్తగా వచ్చినావు, ఆ సరదా తీరాల గదా నీకు. ఊరికే ఉంటానంటే నువ్వొప్పుకోవు. అందుకని బయమన్నాను.”

“మళ్ళీ ఏడు ఎక్కొచ్చు గదా అక్కా.”

“మళ్ళీ ఏడు ఎవులూ అడగలేదే.”

హైమ తొక్కడం ఆపేసింది. ఏడ్చింది. వానలో కూడా తెలిసేలా ఏడ్చింది. వరహాలమ్మ ఓదార్చలేదు, ఒక్కతే తొక్కుతూ ఉంది, అందుకని నేను కొంచెం పక్కకు పోతూ ఉన్నాను. కాసేపటికి హైమ ముక్కు తుడుచుకుని మళ్ళీ పెడళ్ళ మీద కాళ్ళు పెట్టింది.

అప్పుడే ఒడ్డున గోల లేచింది. షెడ్డులోకి కోతులు దిగాయి. ఒకటి పులిహోర గిన్నె ఎత్తుకుంది, రెండు కలిసి ఒక సంచిని చెరోవైపూ లాగుతున్నాయి. అన్నా తమ్ముడూ ఒకే కర్ర పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. సింహాద్రి మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి, “ఒలే, కోతులే! సామాను పోనాదే! తొరగా వచ్చీయండే!” అని చేతులూపాడు.

హైమ కంగారుపడింది. “నా సంచి కూడా అక్కడే వొగ్గీసినానక్కా. ఎల్దామా?”

వరహాలమ్మ కాళ్ళు ఆగాయి. వెనక్కి అర చుట్టు తిరిగాయి కూడా. ఇన్నేళ్ళ అలవాటు ఆమె పాదాల్లో ఎంత బరువుగా ఉందో నాకు పెడళ్ళ మీద తెలిసింది. ఆమె ఒడ్డువైపు బాగా చూసింది.

“ఇద్దరు మగోళ్ళున్నారు గదా సామాను కాడ” అంది. “నువ్వు తొక్కు.”

గాసన్న విజిలు వేశాడు. మళ్ళీ వేశాడు. ముగ్గురికీ వినబడింది. అవతలి ఒడ్డు దాకా నన్ను ఎవరూ ఎప్పుడూ తీసుకువెళ్ళలేదు, ఆ రోజు వాళ్ళిద్దరూ తీసుకువెళ్ళారు.