నా తొట్టిలో నీళ్లు

నేను ఒక బాస్కెట్‌బాల్ స్తంభాన్ని. స్కూలు మైదానాల్లో కాంక్రీటులో కాళ్లు పాతుకుని నిలబడే పెద్దల జాతి కాదు నాది. నా కింద నల్లటి ప్లాస్టిక్ తొట్టి, దాని అంచున రెండు చక్రాలు ఉంటాయి. తొట్టిలో నీళ్లో ఇసుకో నింపితే నిలబడతాను, లేకపోతే పడతాను. కడుపు నిండితేనే నిలబడే గుణం మనుషులకూ ఉంది కాబట్టి అందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో ఇనుప గొట్టం కోసి, రింగు వంచి, వెల్డింగు చేసి, రంగు పూసి నన్ను అట్టపెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె విప్పేసరికి అనంతపురంలో ఒక ఆటవస్తువుల దుకాణంలో, తొట్టి మీద ఇసుక మూటల బరువుతో నిలబడి ఉన్నాను. ఎడమ పక్కన చిన్నపిల్లల రంగురంగుల ప్లాస్టిక్ స్తంభం. కుడి పక్కన అద్దంలాంటి బోర్డున్న ఖరీదైన స్తంభం, దొరలా. వచ్చినవాళ్లంతా దొర పక్కన ఫోటో దిగి, చిన్నదాన్ని కొనుక్కుని పోయేవాళ్లు. ఏడాదిపాటు నన్ను ముట్టుకున్నది దుమ్ము దులిపే గుడ్డ ఒక్కటే.

ఒక జనవరి సాయంత్రం ఓబులేసు వచ్చాడు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్. వెంట ఎనిమిదో తరగతి చదివే కూతురు హిమజ. మే నెలలో జిల్లా బాలికల జట్టు ఎంపికలు. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి పదిసార్లు విసిరితే కనీసం ఆరు బంతులు రింగులో పడాలి. హిమజ విసిరితే బంతి రింగు దాకా కూడా పోవడం లేదు. వయసుకు పొట్టి పిల్ల. స్కూల్లో ఉన్న ఒక్క రింగు కింద ఎప్పుడూ పెద్దపిల్లలే.

ఆ పిల్ల కళ్లు సహజంగానే దొర మీద పడ్డాయి. ఓబులేసు మాత్రం జేబులోంచి ఒక దారం తీశాడు. ఇంటి గేటు కొలిచి ముడి వేసుకొచ్చిన దారం. దొరగారి తొట్టి ఆ ముడి దాటిపోయింది. తర్వాత నా గొట్టాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. అతుకుల మీద గోరు పెట్టి గీశాడు. రింగు పట్టుకుని వేలాడాడు. షాపాయన పైప్రాణాలు పైనే పోయాయి.

"దీని ఎత్తు తగ్గించేకి అయితాదా అన్నా?"

"అయితాదప్పా. ఏడున్నర అడుగుల నుంచి పది దాకా ఆరు రంధ్రాలుండాయి. బోల్టు మార్చుకునేదే."

"అట్లయితే ఇదే కావాల. పాపతో పాటు ఇదీ పెరుగుతాది."

అంతవరకు నన్ను చూసినవాళ్లంతా నాలో లేనిదాన్నే వెతికారు. ఉన్నదాన్ని చూసిన మొదటి మనిషి ఓబులేసు. నాకు చేతుల్లేవు గానీ, ఉంటే ఆ పూటే దణ్ణం పెట్టేదాన్ని.

ఇంటి దగ్గర ఓబులేసు తల్లి నాగులమ్మ కాచుకుని ఉంది. హిమజకు జేజి. నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, రెండు చక్రాల కిందా రెండు నిమ్మకాయలు పెట్టింది.

"ఇది బండి కాదుమా," అన్నాడు ఓబులేసు.

"చక్రాలుండాయి కదప్పా. తొక్కించు."

తొక్కించారు. నిమ్మకాయలు నలిగాయి, జేజి మనసు కుదుటపడింది. ఇసుక తెస్తానన్న మనిషి రేపు మాపు అంటూ ఉంటే, పది బిందెల నీళ్లు పోసి నా తొట్టి నింపారు.

మొదట నన్ను అట్టడుగు రంధ్రంలో బిగించారు. పదికి ఆరు పడితే ఒక రంధ్రం పైకి, ఇదీ ఓబులేసు పెట్టిన పద్ధతి. లెక్క చూసేది జేజి. బట్టలుతికే బండ మీద కూర్చుని, బంతి పడినప్పుడల్లా ఒక చింతగింజ ఒళ్లో వేసుకునేది. రింగు అంచున తిరిగి బయట పడితే గింజ కదిలేది కాదు.

"కొంచెంలో పోయింది జేజీ, ఏసుకో!"

"నోటి దాకా వచ్చి కింద పడిన ముద్ద తిన్నట్టా?"

ఇంత కచ్చితమైన అంపైరును నేను మళ్లీ చూడలేదు. ఏప్రిల్ ఆఖరుకు నేను పది అడుగులకు చేరాను. జేజి ఒళ్లో గింజలు నాలుగు, ఒక్కోరోజు ఐదు.

అప్పటికి ఎండలు ముదిరి కుళాయి వారానికోసారి రావడం మొదలైంది. జేజి కనకాంబరాలు తల వాల్చేశాయి. ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం ఆమె నా తొట్టి మూత విప్పి, రబ్బరు గొట్టం దించి, నోటితో పీల్చి ఒక బిందె నీళ్లు తోడుకుంది. మెకానిక్ తల్లికి ఆ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. "వాన పడినాక పోద్దాంలే" అని నాకే చెప్పింది. మర్నాడు ఇంకో బిందె. నేను తేలికపడుతూ వచ్చాను. పిచ్చిదాన్ని, అదే సుఖమనుకున్నాను.

ఎంపికలు ఎనిమిది రోజులున్నాయనగా, ఒక పగటిపూట పెద్ద గాలి లేచింది. నేను కూలిపోయాను. జేజి రోజూ కూర్చునే బండకే నా రింగు తగిలి వంకరపోయింది. ఆమె ఆ క్షణాన లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ పొయ్యికి మొక్కుకుంటాను.

హిమజ పరిగెత్తుకొచ్చి ఖాళీ తొట్టిని చూసింది. పక్కన పడి ఉన్న రబ్బరు గొట్టాన్ని చూసింది. పచ్చగా నవనవలాడుతున్న కనకాంబరాలను చూసింది.

"నా ఆట కన్నా నీ పూలే ఎక్కువైనాయా జేజీ?"

జేజి ఆ రబ్బరు గొట్టాన్ని చుట్టుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి పెరట్లోకి రావడమే మానేసింది.

ఓబులేసు రింగును ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి గుండ్రం చేశాడు. మోటార్ల చెయ్యి కదా, బాగానే చేశాడు గానీ రింగు రెండు వేళ్లు ఇరుకైంది. కొత్తది తెప్పించడానికి రోజుల్లేవు. ఈసారి తొట్టి నిండా ఇసుక పోశాడు. హిమజ ఒక్కతే విసిరేది, ఒక్కతే ఏరుకునేది. పదికి ఒకటి, రెండు. నాలుగో రోజు బంతి విసిరికొట్టి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో చింతగింజల డబ్బా, ఇంకో చేతిలో జేజి చెయ్యి.

"నువ్వు ఎంచకపోతే నాకు పడవు. కూసో."

"నీ ఆట కూలదోసింది నేనే గదమ్మా."

"కూలితే నిలబెట్టినాం గదా. కూసో జేజీ."

జేజి కూర్చుంది. ఆ సాయంత్రం మూడు గింజలు, తర్వాత నాలుగు, ఆఖరి రోజు ఐదు. ఆరో గింజ మాత్రం కదల్లేదు.

ఎంపికల రోజు నేను పెరట్లోనే ఉన్నాను. నాకు చక్రాలున్నా నడిచి పోలేను కదా. జేజి పొద్దున్నుంచీ అన్నం ముట్టకుండా బండ మీదే కూర్చుంది. మధ్యాహ్నం దాటాక గేటు చప్పుడైంది. హిమజ నేరుగా వచ్చి, జేజి అరచెయ్యి విప్పి, చింతగింజలు ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది. ఐదు పడగానే అంతేననుకుని జేజి చెయ్యి ముడవబోయింది. ఆరు పడింది. ఏడు. ఎనిమిది.

"ఆడ రింగు ఎంత పెద్దదుండాదో తెల్సా జేజీ! బావి మాదిరి ఉండాది!"

జేజి ఆ ఎనిమిది గింజలూ కొంగున ముడేసుకుని, నా గొట్టాన్ని పట్టుకుని బోరున ఏడ్చింది. ఇనుముకు కన్నీళ్లు ఉండవని ఎవరన్నారో గానీ, ఆ పూట నాకు ఏడవాలనే అనిపించింది.

ఇప్పుడు వానలు పడ్డాయి, కుళాయి వస్తోంది. జేజి రోజూ తెల్లవారుతూనే కనకాంబరాలకు నీళ్లు పోస్తుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, మూత విప్పి, ఇసుకలో ఒక చెంబెడు నీళ్లు పోస్తుంది.

"ఇసుకకు నీళ్లెందుకు జేజీ?"

"తోడుకుంటిని గదమ్మా. పోస్తానని మాటిచ్చినా దానికి."

నాకు ఇప్పుడు నీళ్లతో పని లేదు. అయినా రోజూ ఆ చెంబు కోసమే ఎదురు చూస్తాను.