చుక్కలు తుడిచిన పిట్ట

శోభారాణి గడప దగ్గరి వెలుతురులో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మనసెక్కడున్నా ఆ పనికి వేళ్లే చాలు. నల్లగా కనపడిందల్లా గోటితో అవతలికి పోతుంది. పక్కనే అత్తమ్మ గురవమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కొడుకు వాలకం చూస్తోంది.

సంపత్ పొద్దుటి నుంచి ఒక్కచోట నిలవడం లేదు. కెమెరా తుడిచి కొయ్యకు తగిలించాడు. మళ్లీ దించి తుడిచాడు.

"అరిగిపోతది కొడకా," అంది గురవమ్మ. "పెండ్లినాడు నీ పెండ్లాం మొఖం గూడ గంతసేపు చూడలే నువ్వు."

"సార్లు వస్తున్నరే అమ్మా. ఖమ్మం నుంచి బయలెల్లిన్రంట."

"వస్తే రానీ, చాయ పోస్త. ముందుగాల ఆ గూబను దేవుని గూట్ల నుంచి తియ్యి. రాములోరి తలంబ్రాల పక్కన గూబను పెట్టినోన్ని నిన్నే చూసిన."

గూట్లో ఉన్నది గూబ కాదు, దాని ఫొటో ఉన్న మెమరీ కార్డు. సంపత్ దానికి పసుపు బొట్టు పెట్టి, ఇక వాడకుండా దాచుకున్నాడు. అంత భక్తికి కారణం లేకపోలేదు. అతను పాల్వంచ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. సెలవు దొరికితే చాలు, ఎవరో వాడి వదిలేసిన పాత కెమెరాతో అడవి అంచుకు పోతాడు. పోయిన నెల ఒక సాయంత్రం ఇప్పచెట్టు తొర్రలో కూర్చున్న చిన్న గుడ్లగూబను ఫొటో తీసుకొచ్చాడు. ఫొటో చీకటిచీకటిగా, చెయ్యి వణికినట్టు వచ్చింది. శోభారాణి ఇంట్లోనే ఒక స్టూడియోకు పెళ్లి ఆల్బములు చేసి ఇస్తుంది. ఆ పిట్టను కూడా తన లాప్‌టాప్‌లో వేసి, వెలుతురు పెంచి, మసక తీసి, కంటికి తళుకు తెచ్చింది. సంపత్ దాన్ని పక్షులను చూసేవాళ్ల గ్రూపులో పెట్టాడు.

ఖమ్మంలో లెక్చరరుగా ఉన్న మురళీకృష్ణ అది చూసి వెంటనే ఫోను చేశాడు. ఊళ్లలో కనపడే చిన్న గూబ పైడికంటెకు నెత్తి నిండా తెల్ల చుక్కలుంటాయని, దీనికి లేవని, అంటే ఇది అడవి పైడికంటె కావచ్చని, ఈ చుట్టుపక్కల దాన్ని చూసినవాళ్లను తానెరగనని అన్నాడు. ఆయన మాటసాయంతోనే అడవి క్యాంపులో టూరిస్టులకు గైడుగా సంపత్‌ను తీసుకుంటామన్నారు. సంపత్ ఆగలేదు. ప్లాంటులో సూపర్‌వైజరుకు మానేస్తానని చెప్పేశాడు కూడా.

ఫోను మోగింది. మురళీకృష్ణే. సంపత్ స్పీకరులో పెట్టాడు, ఇంట్లోవాళ్లు కూడా వినాలని.

"దగ్గరికొచ్చేశాం సంపత్. మీ మలుపులో కారు ఆపుతాం. ఆ ఒరిజినల్ కూడా ఒకసారి చూపించవయ్యా, రిపోర్టులో అదే పెట్టాలి."

"అవ్ సార్. తప్పకుండ సార్." ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "శోభా, జల్దీ! కార్డుల ఒరిజినల్ ఉన్నదో లేదో చూడు."

ఆమె చెయ్యి కడుక్కుని, కార్డు మీది పసుపు కొంగుతో పైపైన తుడిచి, లాప్‌టాప్‌లో పెట్టింది. ఎడిటింగ్ చేసిన రోజు తర్వాత ఆ అసలు ఫొటోను ఆమె మళ్లీ చూడలేదు. తెరిచి పెద్దది చేసింది. పిట్ట నెత్తి మీద నూకలు చల్లినట్టు ఏవో కనపడ్డాయి. చీకట్లో తీసిన ఫొటోలకు పట్టే గరుకు అనుకుంది. అయితే ఆ గరుకు తొర్ర మీద, కొమ్మ మీద కూడా ఉండాలి. అక్కడ లేదు. ఇవి నెత్తి మీదే, వరసగా, ఎవరో పెట్టినట్టు ఉన్నాయి.

తను చేసిన ఫొటో పక్కన పెట్టి చూసింది. అందులో నెత్తి నున్నగా ఉంది. పెళ్లికూతురి చెంపలా.

ఆ రోజు పొద్దంతా ఒక పెళ్లికూతురి ముఖం మీద మొటిమలు, మచ్చలు తీస్తూ కూర్చుంది. ఆ వెనకే ఈ పిట్ట వచ్చింది. అదే బ్రష్, అదే చెయ్యి. చుక్కలు ఎప్పుడు తీసిందో కూడా గుర్తు లేదు.

"ఒకసారి ఇటు రా," అని పిలిచింది. "పిట్ట నెత్తి మీద చుక్కలున్నయి. నేనే తుడిచిన. తెల్వక తుడిచిన."

"సార్లొచ్చే యాళ్లకు పరాచకాలా?" నవ్వుతూనే వచ్చి వంగి చూశాడు. ఆ నవ్వు ముఖం మీద నుంచి దిగడానికి కాసేపు పట్టింది.

"అయితే దీంట్ల గూడ తుడువు."

"ఏందీ?"

"ఒరిజినల్‌ల గూడ. ఊళ్లె పెండ్లిపిల్లలందరి మచ్చలు తీస్తున్నవు గదా, ఒక్క పిట్టకు తియ్యలేవా?"

"కెమెరా తీసిన ఫైలది. ముట్టుకుంటే వాళ్లకు తెలుస్తది. తెల్వకున్నా నేను ముట్ట."

"మరైతే కార్డు ఖరాబైందని చెప్త."

"ఏందిరా, గుసగుసలు?" అంది గురవమ్మ అక్కణ్నుంచే. "పిట్టగిట్ట సచ్చిందా?"

శోభారాణి గొంతు తగ్గించింది.

"నువ్వు చెట్టు కింద నిలబడి కండ్లార చూసినవు గదా. చుక్కలున్నయా, లేవా?"

సంపత్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఏమో. ఆ పొద్దు చూసిన పిట్ట ఇప్పుడు యాదికొస్తలేదు శోభా. కండ్లు మూసుకుంటే నువ్వు చేసిన ఫొటోనే కనపడుతది."

అతను తిట్టినా బాగుండేది. పెళ్లికూతురి మచ్చ తీసినా ఆ పిల్ల అసలు ముఖం ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది, చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. ఈ పిట్టకు మాత్రం తను దిద్దిన ముఖమే మిగిలింది, ఎదురుగా నిలబడి చూసినవాడి కళ్లలో కూడా.

"సార్‌కు నేను చెప్త. తప్పు నాది."

"తప్పు నీదైతే నౌకరి నాకిస్తరా? ప్లాంటుల నా జాగల వేరేటోన్ని పెట్టుకున్నరు."

"ఇయ్యకపోవచ్చు," అంది ఆమె. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టడానికి నోరు రాలేదు.

మలుపులో కారు హారను వినిపించింది. "వచ్చినట్టున్నరు, చాయ పెట్టనా?" అంటూ గురవమ్మ ఒళ్లో ఈనెలు దులుపుకుని లేచింది.

శోభారాణి కార్డు బయటికి తీసి చేతిలో పట్టుకుంది. సంపత్ దాని వైపు చూడలేదు. హారను మళ్లీ మోగింది. అప్పుడు లేచి, ఆమె చేతిలోంచి కార్డు తీసుకుని కెమెరాలో పెట్టాడు. ఒక్కొక్క ఫొటో వెనక్కి జరుపుతూ పిట్ట దగ్గర ఆగాడు. చిన్న తెరను బొటనవేలితో తుడిచి, కళ్లు చికిలించి చూశాడు. వేలికి అంటిన పసుపు తెర మూల మీద మిగిలింది.

"చెప్పి పోరా, చాయ ఎంతమందికి?" అంది గురవమ్మ.

అతను కెమెరా పట్టీ మెడలో వేసుకున్నాడు. తెర వెలుగుతూనే ఉంది, ఆర్పలేదు. గడపకు అడ్డంగా ఉన్న బియ్యం చాటను కాలికి తగలకుండా దాటి, చెప్పులు వేసుకుని, కారు వైపు నడిచాడు.