ఎనిమిది పేర్ల చీటీ

మా ఊరి మొదట్లో రాతి కమాను కట్టిన ఏడాదే మా దిగువ పేటకి నీళ్లు రావడం పూర్తిగా ఆగిపోయింది. రెండింటికీ సంబంధం లేదని మునిసిపాలిటీ అధ్యక్షుడు నసీబ్ అనేవాడు. ఊట దగ్గర పాత గొట్టం పాడైందనీ, కొత్తది వెయ్యడానికి బేరూత్ నుంచి డబ్బు రావాలనీ చెప్పేవాడు. కమానుకి మాత్రం బేరూత్ డబ్బు కోసం ఆగలేదు. దానికి దీపాలు కూడా పెట్టించాడు. మా ఇళ్లల్లో కరెంటు లేనప్పుడు కూడా అవి వెలుగుతూనే ఉండేవి, వాటికి సొంత జనరేటరు ఉంది మరి.

ఊరంతా తిట్టుకున్నారని కాదు. సగం మందికి అది నచ్చింది. ఆదివారాలు బేరూత్ నుంచి వచ్చేవాళ్లు దాని కింద నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. మా అత్తగారు వర్దె ఒకసారి, "కమాను కంటికి కనిపిస్తుంది. గొట్టం మట్టి కింద ఉంటుంది, దాన్ని చూసి ఎవరు మెచ్చుకుంటారు?" అంది. వెటకారంగా అందో, నిజంగానే అందో నాకు అర్థం కాలేదు. నీళ్ల లారీ వచ్చిన రోజు మేడమీది ట్యాంకు నిండేదాకా కదలకుండా కూర్చునేది మాత్రం ఆవిడే.

నేను ఊరి బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కమానుకి ఎంత ఖర్చయిందో చూపించమని చర్చి హాల్లో మీటింగు పెట్టినప్పుడు లేచి అడిగాను. నసీబ్ నవ్వి, టీచరమ్మకి రాసి పంపిస్తాం అన్నాడు. పంపించలేదు. మళ్లీ మీటింగులో మళ్లీ అడిగాను. ఈసారి నవ్వలేదు.

అందుకే ఎన్నికలు ప్రకటించగానే మందుల కొట్టు హబీబ్ నసీబ్‌కి పోటీగా తొమ్మిది మందితో ఒక జట్టు తయారుచేస్తూ నన్ను కూడా నిలబడమన్నాడు. మా ఆయన తౌఫీక్ నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. తన టైర్ల కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ, "మా ఇంట్లోంచి మునిసిపాలిటీకి వెళ్లబోయే మొదటి మనిషి మా ఆవిడే," అని చెప్పుకున్నాడు. మా అమ్మాయి మిర్నా నా ఫొటో ఫోన్లో పెట్టి స్నేహితులందరికీ పంపింది. నేను అడుగుతున్నది ఒక్కటే: ఊట నుంచి దిగువ పేట మొత్తానికి కొత్త గొట్టం. అది కాకపోతే నాకు ఆ కుర్చీతో పనిలేదు.

పనులయ్యాక మా మేడ మీద ఆడవాళ్లు వంటకి ద్రాక్షాకుల్లో బియ్యం కూరి చుడుతూ కూర్చుంటే ఓట్ల లెక్కలే మాట్లాడుకునేవాళ్లం. నీళ్లు లేక అవస్థ పడుతున్నవాళ్లలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు; మా దేశంలో ఓటు ఉండేది కాపురమున్న చోట కాదు, తాతల ఊళ్లో. పక్కింటి సిహామ్ పిల్లలందర్నీ ఇక్కడే కన్నది, కానీ ఆమె ఓటు దక్షిణాన, తను రెండుసార్లు కూడా చూడని మామగారి ఊళ్లో ఉంది. నా ఓటూ పెళ్లితో పాటు మా పుట్టింటి నుంచి ఇక్కడికి వచ్చిపడిందే. బేరూత్‌లో పుట్టి, తాతల సమాధుల మీద పూలు పెట్టడానికి మాత్రమే వచ్చేవాళ్ల ఓట్లు మాత్రం నిక్షేపంగా ఇక్కడే ఉన్నాయి. ఎవరు ఇక్కడి నీళ్లు తాగుతారో వాళ్లే ఓటెయ్యాలని సిహామ్ అంది. "అయితే తోటల్లో పనిచేసే సిరియా వాళ్లు కూడా వేస్తారు, ఒప్పుకుంటావా?" అని అఫీఫె అడిగింది. సిహామ్ ఆలోచించి, వాళ్లు తాగేది చెరువు నీళ్లే కదా అంది. అందరం నవ్వాం.

అఫీఫె మా వీధి చివరింటి ఆవిడ. భర్త పోయాడు. ఇద్దరు కొడుకులు, తను, మొత్తం మూడు ఓట్లు. నోరు పెద్దది, మనసులో ఏమీ దాచుకోదు.

మునిసిపల్ ఎన్నికలకి మాకు ప్రభుత్వం అచ్చువేసిన ఓటు కాగితం ఉండదు. ఎవరి చీటీ వాళ్లే తెచ్చుకుని, నచ్చిన పేర్లుంచి, నచ్చనివి కొట్టేసి పెట్టెలో వేస్తారు. లెక్కపెట్టేటప్పుడు అధికారి ఒక్కో చీటీ విప్పి పేర్లు పైకి చదువుతాడు. అందుకని జట్లన్నీ ఒక పని చేస్తాయి: ఒక్కో ఇంటికి పేర్ల వరస మార్చి చీటీలు ఇస్తాయి. వరస వింటే చాలు, చీటీ ఏ ఇంటిదో తెలిసిపోతుంది. మాట ఇచ్చి తప్పినవాడు ఆ గదిలోనే దొరికిపోతాడు. మంచి పద్ధతి అని నేను అనను. కానీ హబీబ్ ఆ పని నాకు అప్పగించినప్పుడు కాదనలేదు. లెక్కల టీచరుని కదా, దిగువ పేటలో ఏ రెండిళ్లకీ ఒకే వరస రాకుండా కూర్చి, ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. మా ఇంటికి కూడా ఒకటి రాశాను. నవ్వుకుంటూ రాశాను. యూసుఫ్, మతిల్డ్, నేను, హబీబ్, ఆ తర్వాత మిగతావాళ్లు.

ఎన్నికల రోజు పొద్దున్నే నేను వెళ్లి ఓటేసి వచ్చాను. తౌఫీక్, అత్తగారు, మిర్నా మధ్యాహ్నం మా మరిది ఫారెస్ కారులో వెళ్లారు. ఫారెస్ ఆ రోజు ముఖ్తార్ పదవికి నిలబడ్డాడు. దానికి వేరే పెట్టె. పుట్టినా, పెళ్లయినా, చచ్చినా కాగితం మీద ముఖ్తార్ ముద్ర పడాల్సిందే. ఫారెస్‌కి గెలిచేంత బలం లేదని ఊళ్లో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

పోటీ చేసినవాళ్లు లెక్కింపు వేళ ఇంటి దగ్గరే ఉండి వచ్చేపోయేవాళ్లకి కాఫీలిస్తారు. నేను ఉండలేకపోయాను. మునిమాపున బడికి వెళ్లి, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన గదిలోనే వెనక బెంచీ మీద కూర్చున్నాను. అధికారి బేరూత్ కుర్రాడు, గొంతు బాగుంది. ఇంటింటి వరసలూ చెవిన పడుతున్నాయి. ఇది రొట్టెల కొట్టు వాళ్లది, ఇది సాయంత్రం చర్చిలో గంట కొట్టే ముసలాయనది. ఇద్దరు ముగ్గురు నా పేరు కొట్టేశారు, అది అనుకున్నదే.

అప్పుడు అతను, "యూసుఫ్, మతిల్డ్, హబీబ్," అని చదివాడు.

ఒక పేరు మింగేశాడనుకున్నాను. అతను చీటీ తిప్పి అందరికీ చూపించాడు. గీత లేదు, కొట్టివేత లేదు. శుభ్రంగా అచ్చయిన ఎనిమిది పేర్లు. కాసేపటికి అదే వరసలో ఇంకొకటి. తర్వాత నా పేరుతో సహా తొమ్మిదీ ఉన్నది వచ్చింది, అది నాది. ఆ తర్వాత మరో ఎనిమిది పేర్లది. నసీబ్ తరఫున కూర్చున్న మనిషి ఎనిమిది పేర్లు వచ్చినప్పుడల్లా వేలితో బల్ల మీద మెల్లగా తట్టాడు. నాలాగే అతనూ వింటున్నాడు.

నేను రెండు ఓట్లతో ఓడిపోయాను. మా జట్టులో ఇద్దరే గెలిచారు. ఫారెస్ ముఖ్తార్ అయ్యాడు, నసీబ్ మనుషుల ఓట్లతో.

బడి వాకిట్లో హబీబ్ నన్ను ఆపాడు. ముఖం ఎర్రగా ఉంది. "ఆ మూడు చీటీలు ఏ ఇంటివి, టీచర్? అచ్చు వేయించుకుని మరీ వచ్చారు."

ఇంటికి వెళ్లి కాగితం చూసి చెప్తానన్నాను. నా పక్కన నిలబడ్డ రొట్టెల కొట్టావిడ, మూడు ఓట్లంటే అఫీఫె వాళ్లేనంది. పోయిన వారం అఫీఫె నసీబ్ ఇంటికి పరామర్శకి వెళ్లిందని గుర్తుచేసింది. హబీబ్ నావైపు చూశాడు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ ఒక్క క్షణం చాలింది.

ఇంటికొచ్చేసరికి వీధిలో టపాసులు కాలుస్తున్నారు. హాలు నిండా ఫారెస్‌ని అభినందించడానికి వచ్చినవాళ్లు, వాళ్లల్లోనే నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్లు. ఒకే పళ్లెంలోంచి బక్లావా మిఠాయి తింటున్నారు. నేను వంటింట్లోకి వెళ్లాను. మిర్నా పొయ్యి ముందు నిలబడి కాఫీ పొంగకుండా చూస్తోంది. తలుపు దగ్గరగా వేసి, నీ చీటీ ఎవరిచ్చారని అడిగాను.

అది చెంచాతో తిప్పుతూనే ఉంది. "నాన్న. కారులో."

"చదివావా?"

"చదివాను." పొయ్యి తగ్గించి, "నీకు ఎలాగూ వస్తాయన్నాడమ్మా. మూడు ఓట్లకి ఏం కాదన్నాడు. బాబాయి గెలిస్తే నా పాస్‌పోర్టు పని తొందరగా..." అంది.

తౌఫీక్ నీళ్ల సీసా కోసం లోపలికి వచ్చాడు. మా ఇద్దర్నీ చూసి, తలుపు మళ్లీ వేశాడు. అబద్ధం ఆడతాడేమోనని ఎదురుచూశాను. ఆడి ఉంటే బాగుండేది.

"లెక్క తప్పింది," అన్నాడు. "నువ్వు కూడా గెలుస్తావనే అనుకున్నాను, ఒట్టు. నసీబ్ అడిగింది నిన్ను ఒక్కదాన్ని వదిలెయ్యమని. బదులుగా ఫారెస్‌కి వేయిస్తానన్నాడు. ముద్ర మన ఇంట్లో ఉంటే ఎంత బలమో నీకు తెలీదా?"

"వేరే వరసలో అచ్చు వేయించి ఉంటే నాకు తెలిసేది కాదు కదా."

"వాడు నమ్మాలిగా. మన ఇంటి చీటీలేనని వాడి మనిషికి తెలియాలిగా. వరస అడిగాడు, చెప్పాను." కొంచెం సిగ్గుపడ్డట్టు చూసి, వెంటనే గొంతు సర్దుకున్నాడు. "నువ్వు లెక్కింపుకి వెళ్తావని ఎవరనుకున్నారు? అయినా నీ పని ఆగదులే. గొట్టం వేయిస్తానని మాట ఇచ్చాడు. ముందు మన గుమ్మందాకా."

"మన గుమ్మందాకానా?"

"నువ్వు అడిగింది అదేగా."

ఇన్నాళ్లూ ఒకే మంచం మీద పడుకుని, నా మాటలన్నీ విని, నేను అడిగింది అదేనని అనుకున్నాడు. నా పేరు తీసేసినదానికంటే ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది. అత్తయ్యకి తెలుసా అని అడిగితే, తెలుసనీ, మొదట కాదందనీ, ఫారెస్ కూడా తన కొడుకే కదా అని ఒప్పుకుందనీ చెప్పాడు. తర్వాత నా భుజం తట్టి, మనలో మనమాట, బయట అననక్కర్లేదు అన్నాడు. మిర్నా పెళ్లికాని పిల్ల అని కూడా గుర్తుచేశాడు.

హాల్లోకి వచ్చేసరికి మాటలన్నీ అఫీఫె చుట్టూ తిరుగుతున్నాయి. రేపట్నుంచి ఆ గుమ్మం తొక్కనని ఒకావిడ అంటోంది. ఆవిడ పెద్దకొడుకుని ముందు నుంచీ నమ్మలేదని ఇంకొకాయన అన్నాడు. తౌఫీక్ సోఫాలో కూర్చుని తల ఊపుతున్నాడు. "ఎవర్ని నమ్మాలో తెలియని రోజులు," అన్నాడు. నా భర్త గొంతు ఎంత సహజంగా ఉందంటే, తెలియకపోతే నేనూ జాలిపడేదాన్ని.

అప్పుడే అఫీఫె వచ్చింది. తల మీద గుడ్డ కూడా సరిగ్గా లేదు, దారంతా పరిగెత్తినట్టుంది. కూర్చోమని ఎవరూ అనలేదు. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నావిడ కాళ్లు దగ్గరికి తీసుకుంది.

"రొట్టెల కొట్టు దగ్గర నాకు వినపడింది," అంది అఫీఫె నాతోనే. "నేనూ నా పిల్లలూ నీకే వేశాం, నజ్లా. ఊరంతా ఏమన్నా అననీ. కాగితం నీ దగ్గరుంది. నువ్వు చెప్పు, ఆ చీటీలు మావేనా?"

"ఇప్పుడా గొడవ ఎందుకులే అఫీఫే," అన్నాడు తౌఫీక్. "గెలుపోటములు మామూలే. కూర్చో, కాఫీ తాగు."

మిర్నా వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడింది. దాని ముఖం చూశాను. చెప్పవద్దని అడుగుతోందో, చెప్పమంటోందో నాకు తెలియలేదు. కడుపున పుట్టినదే అయినా తెలియలేదు. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే నా ఇల్లు నిలబడుతుంది, అఫీఫె ఇల్లు ఈ ఊళ్లో ఒంటరిదైపోతుంది. అలాంటి బేరం ఈ ఇంట్లో ఇవాళ ఒకటి అయిపోయింది. రెండోది నా చేత్తో చెయ్యలేకపోయాను.

"మీవి కావు," అన్నాను. "మా ఇంటివి. మూడూ."

ఫారెస్ తింటున్న ముక్క చేతిలోనే ఉంచుకున్నాడు. తౌఫీక్ నావైపు చూడలేదు, నేలకేసి చూశాడు. అఫీఫె హాలంతా ఒకసారి కలియజూసింది. తౌఫీక్‌ని, మా అత్తగారిని, చివరికి గుమ్మంలో ఉన్న పిల్లని.

"ఇది కూడానా?" అంది. ఆ గొంతులో కోపం లేదు.

"అవునత్తా," అంది మిర్నా.

అఫీఫె నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. మా అత్తగారు తన చేతికర్ర సర్దుకుని, "ట్రే అలా పట్టుకు నిలబడతావేమే, చల్లారిపోతోంది, అందరికీ ఇయ్యి," అంది.

మిర్నా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఇచ్చింది. అందరూ తీసుకున్నారు. చివర్న నా ముందుకి వచ్చి ట్రే చాపింది. నేను తీసుకోలేదు.