బెదిరిన ఇల్లు

పొద్దున్న వంటపని తెమిలాక అత్తగారు కిటికీ పక్కన మంచం మీద కూర్చుని గుండీలు కుట్టేవారు. కోడలు ఎదురుగోడ పక్కన మిషను ముందు కూర్చునేది. మూడో అంతస్తులో అద్దె ఇల్లు అది. ముందు గది, వెనక వంటగది, అంతే. ముందు గది నిండా గుడ్డలే. కుట్టాల్సినవి బుట్టలో ఉండేవి, కుట్టినవి ఇస్త్రీ అయి హ్యాంగర్లకి వేలాడేవి. మిషను చప్పుడు ఆగిందంటే దారమైనా తెగి ఉండాలి, అత్తాకోడళ్ళు ఎవరి గురించైనా మాట్లాడుకుంటూ ఉండాలి. దారం అంత తరచుగా తెగదని ఆ మెట్ల మీద తిరిగే వాళ్ళందరికీ తెలుసు.

ఆవిడకి కొడుకు, ఈవిడకి మొగుడు అయిన మనిషి కొన్నేళ్ళ కిందట జబ్బు చేసి పోయాడు. ఇంక ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారని చుట్టాలంతా అనుకున్నారు. ఆ సంగతి వీళ్ళకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా మిషను చప్పుడులో వినపడలేదో గానీ, కలిసే ఉండిపోయారు. రోజూ పోట్లాడుకునేవారు కూడాను. దారాల కొట్టతన్ని అడిగితే చెబుతాడు.

దొంగతనం పట్టపగలు జరిగింది. లైనింగు గుడ్డ కొనాలని ఇద్దరూ బజారుకెళ్ళారు. ఒక్కరు వెళ్తే చాలు, కానీ ఒకరికి నచ్చిన రంగు రెండోవారికి నచ్చదు. తిరిగొచ్చేసరికి తలుపు చట్రం చీలి ఉంది. టీవీ లేదు, రేడియో లేదు, పోయిన మనిషి చేతి గడియారం లేదు. అన్నిటికంటే ఘోరం, హ్యాంగర్లు ఖాళీగా ఊగుతున్నాయి. ఆ సాయంత్రం ఇచ్చెయ్యాల్సిన బట్టలన్నీ మూట కట్టుకుపోయారు. మిషను మాత్రం బరువని వదిలేసినట్టున్నారు.

"మన వస్తువులు పోతే మనం ఏడుస్తాం. వాళ్ళ బట్టలకి నేనేం చెప్పనండీ అత్తయ్యా? ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంటూ కోడలు నేల మీద కూలబడింది.

పోలీసాయన వచ్చి తలుపు మీదా బీరువా మీదా నల్లపొడి చల్లి వేలిముద్రలు వెతికాడు. పని అయ్యాక గది మధ్యలో నిలబడి, చేతులు రెండూ బార చాచి చూశాడు.

"ఇల్లు బెదిరినట్టుందమ్మా. గోడలు కాస్త దగ్గరికొచ్చాయి," అన్నాడు.

"ఎన్నాళ్ళుంటుందండీ?" అన్నారు అత్తగారు.

"చెప్పలేం. ఒక్కో ఇల్లు ఒక్కోలా ఉంటుంది. మా పిన్నిగారింట్లో వంటగది బెదిరింది, పాపం ఇప్పటికీ పక్కకి తిరిగే వండుకుంటుంది," అని బూట్లకంటిన పొడి దులుపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఇంటాయన పైకొచ్చాడు. ఆయన కింది వాటాలో ఉంటాడు. ప్రతి మాటకీ ముందు 'రూలు ప్రకారం' అంటాడు కాబట్టి అద్దెకున్న వాళ్ళంతా చాటుగా రూలుగారు అంటారు. "రూలు ప్రకారం తలుపు నాది, బాగు చేయిస్తాను. గోడలు లోపలికొచ్చాయంటే మాత్రం అది లోపలున్న వాళ్ళ సంగతి," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మర్నాడే వడ్రంగిని పంపించాడు.

కోడలికి ఇంటి మీద జాలేసింది. పాపం, ఇంత కాలం గుమ్మం తెరుచుకుని నలుగురినీ రానిచ్చిన ఇల్లు, ఇప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు వణుకుతోంది. అందుకని కొత్త తాళం వేయించింది. దాని పైన ఒక గడియ, కింద ఒక గడియ, మధ్యలో ఇనప గొలుసు బిగించింది. అదీ చాలదని తలుపుకి అడ్డంగా పట్టీ పెట్టించింది. గడియ పెట్టిన ప్రతిసారీ ఇల్లు ఇంకాస్త ముడుచుకుంది. ముడుచుకున్న ప్రతిసారీ వీళ్ళు అయ్యో అనుకుని ఇంకో గడియ పెట్టారు. దొంగలు మళ్ళీ వస్తారని ఇల్లు హడలిపోతోందని వాళ్ళు అనుకున్నారు. ఇంక ఎవ్వరూ రారేమోనని హడలిపోతోందని ఎవరికి తోస్తుంది?

బట్టలిచ్చిన వాళ్ళని కోడలు లోపలికి రానివ్వడం మానేసింది. భయం కంటే సిగ్గు ఎక్కువ. పోయినవాటికి బదులు కొత్తవి కుట్టి ఇస్తానని గొలుసు తియ్యకుండానే చెప్పేది, ఆది బట్టలు తలుపు సందులోంచే పుచ్చుకునేది. మనిషిని కొలవకుండా, పాత చొక్కా ఆదిగా పెట్టుకుని దాని కొలతకే కొత్తది కుట్టడం తేలికే. కానీ ఆ ఇంట్లో ఉన్న టేపు కూడా ఇంటితోపాటే బెదిరిందని ఆవిడ గమనించలేదు. ఆ రోజుల్లో ఆ మిషను మీద కుట్టిన ప్రతిదీ బిగుతే. సందులోంచి ఇచ్చిన బట్టలు సందులోంచే పుచ్చుకుని వెళ్ళినవాళ్ళు, ఇంటికెళ్ళి తొడుక్కుని, ఊపిరాడక, మళ్ళీ వచ్చి చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నారు.

ఇంట్లో మాత్రం రోజు రోజుకీ ఇరుకైపోయింది. మొదట కోడలి పరుపుకి చోటు పోయింది. తర్వాత మంచం ఉంటే మిషను పట్టదు, మిషను ఉంటే మంచం పట్టదు. కోడలు మిషనుని వంటగదిలోకి లాక్కెళ్ళి, పొయ్యి పక్కన ఒదిగి కుట్టుకోవడం మొదలుపెట్టింది. పైట చెంగు ఒకసారి అంటుకోబోయింది కూడా. అత్తగారు అది చూశారు. చూసి, ఆ మధ్యాహ్నమే కూతురికి ఫోను చేశారు.

"అమ్మాయ్, దాని దగ్గరికెళ్ళి కొన్నాళ్ళుంటాను. ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది," అన్నారు కోడలితో, ఫోను పెట్టేసి.

కోడలు మిషను తొక్కుతూనే ఉంది. "కొన్నాళ్ళంటే?" అంది.

"కొన్నాళ్ళంటే కొన్నాళ్ళే. నాకంటూ ఓ గది ఉందిట. అందులో మంచం, కిటికీ అన్నీ ఉన్నాయిట."

"మీకిక్కడ భయమేస్తోంది. వెళ్ళండి, కాస్త తేరుకుంటారు."

అత్తగారికి భయమూ లేదు, పాడూ లేదు. తను పోతే పిల్ల మిషను పెట్టుకోవడానికైనా చోటుంటుందని ఆవిడ లెక్క. ఉండిపొమ్మంటే తన కోసం మొహమాటపడి ఈ ఇరుకులోనే పడి ఉంటారని కోడలి బాధ. కూతురిల్లు మంచిదే, కూతురూ మంచిదే. కానీ మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే ఆఫీసులకి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. కిందటిసారి వెళ్ళినప్పుడు ఏమీ తోచక అత్తగారు అల్లుడి చొక్కాలకున్న గుండీలన్నీ పీకి మళ్ళీ కుట్టారు. ఈసారి వెళ్తే తిరిగి రావడమంటూ ఉండదని ఇద్దరికీ తెలుసు. లోకంలో అందరి గురించీ గంటలకొద్దీ మాట్లాడుకున్న వాళ్ళకి తమ గురించి ఒక్క మాట పెగల్లేదు. అత్తగారు పెట్టె సర్దుకున్నారు. మంచం ఎత్తి గోడకి నిలబెట్టేశారు.

పక్కింట్లో ఒక నర్సు ఉంటుంది. ఆవిడతో చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఆదివారం పొద్దున్నే ఆవిడ తలుపు కొట్టింది, చేతిలో యూనిఫారంతో.

"చేతులెత్తితే చంక దగ్గర పిగిలిపోతోంది. కాస్త వదులు చేస్తావా? అయినా అందుకు కాదులే, మామ్మగారిని చూద్దామని వచ్చా," అంది.

కోడలు పట్టీ తీసి, గొలుసు తీసి, గడియలు తీసి, తాళం తీసి ఆవిణ్ణి లోపలికి లాగి, మళ్ళీ అన్నీ బిగించింది. నర్సు పెట్టె పక్కన పక్కకి తిరిగి నిలబడింది. మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి లెక్కల టీచరు. ఆవిడ వెనకాలే బేకరీ ఆవిడ. అందరి చేతుల్లోనూ ఒక బిగుతు బట్ట, అందరి నోటా అదే మాట, పెద్దావిడ వెళ్ళిపోతున్నారటగా అని.

కోడలికి ఏడుపొచ్చింది. "నన్ను తిట్టరేమండీ? మీ గౌను పోగొట్టాను కదా," అంది బేకరీ ఆవిడతో.

"పోతే పోయిందమ్మా. అది వేసుకుంటే నేను డబ్బాలా ఉంటానని మా ఆయన అననే అన్నాడు. దొంగ పుణ్యమా అని పరువు దక్కింది," అందావిడ. ఇరుక్కుని నిలబడ్డ వాళ్ళంతా పగలబడి నవ్వారు. నవ్వడానికి కాస్త చోటు కావాలి కదా, గోడలు సర్దుకుని ఆ చోటిచ్చాయి.

అప్పుడు వచ్చాడు టేపు చాలనాయన. బస్సు డ్రైవరు. బొజ్జ చుట్టూ తిప్పడానికి మామూలు టేపు సరిపోదని అత్తగారే పెట్టారు ఆ పేరు. ఆయనకీ తెలుసు, గర్వపడతాడు. గొలుసు సందులోంచి ఆయన మీసం ఒక్కటే కనిపించింది.

"చొక్కా తొడుక్కున్నాను గానీ అమ్మాయ్, గుండీలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి తప్ప కలవడం లేదు."

"ఆది ఇవ్వండి బాబాయిగారూ, మళ్ళీ చూస్తాను."

"ఆదెందుకు, నేనే వచ్చానుగా? తలుపు తియ్యి. అక్కగారిని చూడకుండా పోతానా?"

"లోపల చోటు లేదు బాబాయిగారూ."

"మా బస్సులోనూ ఉండదు. జనం ఎక్కడం లేదా ఏమిటి?"

కోడలు అన్నీ తీసింది. ఆయన ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగి, లోపలికి దూరాడు. కానీ మనిషన్నాక ఎంతసేపని బిగబడతాడు? వదిలేశాడు. అటు గోడ జానెడు వెనక్కి జరిగింది. "అమ్మయ్య," అని నర్సు మోచేతులు చాపుకుంది. కోడలు మళ్ళీ గడియ వెయ్యబోతుంటే మెట్ల మీద ఇంకెవరో వస్తున్న చప్పుడైంది.

"ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు వేస్తావే? అలా వదిలెయ్," అని అత్తగారు విసుక్కున్నారు.

కోడలు వదిలేసింది. ఇంక తలుపు బార్లా తెరిచే ఉంది. పై అంతస్తు వాళ్ళు దిగుతూ తొంగి చూసి లోపలికొచ్చారు. రూలుగారు కూడా, అంతమంది ఒకేచోట చేరడం రూలు ప్రకారం కుదరదని చెప్పడానికి వచ్చి, చంకలో పెట్టుకొచ్చిన బిగుతు ప్యాంటుతో సహా వరసలో నిలబడ్డాడు. మనిషి వచ్చినప్పుడల్లా గోడలు వెనక్కి తగ్గాయి. నిలబడ్డ కాళ్ళు నొప్పులు పుట్టి ఎవరో మంచం దింపి వాల్చారు, దాని మీద ముగ్గురు కూర్చున్నారు. మిషను ఎవరు తెచ్చారో, వంటగదిలోంచి మళ్ళీ ముందు గదిలోకి వచ్చింది. ఇవన్నీ కోడలు చూడలేదు. ఆవిడ టేపు పట్టుకుని డ్రైవరు బొజ్జ చుట్టూ తిరుగుతోంది.

ఆయన్ని కొలవడానికో పద్ధతుంది. కోడలు టేపు పట్టుకుని తిప్పుకుంటూ వస్తుంది. టేపు అయిపోయిన చోట అత్తగారు జాన వేస్తారు. టేపూ, పైన అత్తగారి జానా, అదీ ఆయన కొలత. ఇంకెవరి జాన వేసినా చొక్కా కుదరదు, ఒకసారి కోడలు తన జాన వేసి చూసి గుడ్డ పాడుచేసింది. ఇప్పుడు టేపు అయిపోయింది. కోడలు అలవాటుగా, తల తిప్పకుండానే, "అత్తయ్యా, మీ చెయ్యి," అంది.

అత్తగారు వచ్చి బొటనవేలు టేపు చివర ఆనించి, వేళ్ళు చాపి, జాన వేశారు. ఆ ముడతల చేతిని చూస్తూ కోడలు అలాగే ఉండిపోయింది.

"రాసుకోవే," అన్నారు అత్తగారు.

"మీరు వెళ్ళిపోతే ఈయన్ని ఎలా కొలవను?" అంది కోడలు. అని, అంతమందిలోనూ ఏడ్చేసింది. "నాకు చోటు అక్కర్లేదు అత్తయ్యా. ఆ మిషను పొయ్యి పక్కనే ఉండనీండి, పొయ్యి మీదే ఉండనీండి. మీరు వెళ్ళకండి. మీరు లేకపోతే నేనుండలేను."

"మరి ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళూ నిండాయి. "నీకు అడ్డం కదాని పోతున్నాను గానీ, నాకేం సరదానా?"

డ్రైవరు చేతులు పైకెత్తుకుని, కదిలితే కొలత చెడుతుందని అలాగే నిలబడ్డాడు. అంతా ఎవరి బిగుతు బట్టల్లోకి వాళ్ళు చూసుకున్నారు.

అప్పుడే కూతురు మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో ఆగి గదినీ, జనాన్నీ, మంచాన్నీ చూసింది. తల్లి ముడుచుకు పడుకుంటోందని ఫోనులో విన్న గది ఇదేనా అన్నట్టు మళ్ళీ చూసింది.

"అమ్మా, బయల్దేరదామా? పెట్టె సర్దేశావా?"

"సర్దేశానమ్మా. అందులో అడుగున నా కళ్ళజోడుంది, తీసియ్యి," అన్నారు అత్తగారు, డ్రైవరు బొజ్జ మీంచి చెయ్యి తియ్యకుండా. "ఈయన గుండీలన్నీ జరపాలి."

కూతురు వదిన మొహం చూసింది, తల్లి చేతిని చూసింది. ఇంకేమీ అడక్కుండా పెట్టెని గది మధ్యకి లాగి, నేల మీద పడుకోబెట్టి తెరిచింది. మూత ఏ గోడకీ తగలకుండా వెనక్కి పూర్తిగా వాలింది.