దగ్గరివి జల్ది పోవాలె

చపాతీపిండి జల్లిస్తూనే అనేసింది హెప్సిబా. "గంత స్పీడ్ అంటున్నరు, మీ ఓడ కూసున్నకాడ్నే కూసున్నది గదా!"

భర్త అనిల్ కుమార్ కరీంనగర్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. పిల్లలు అంతరిక్షంలో ఓడ నడిపినట్టు అనిపించే సిమ్యులేటర్ ఒకటి తయారు చేస్తున్నాడు. తెర నిండా నక్షత్రాలు, మూలన గిర్రున తిరిగే అంకె. ఓడ మాత్రం కదిలినట్టే ఉండదు.

"అంకె సూడు. సెకనుకు నలభై కిలోమీటర్లు."

"అంకె తిరిగితే పానానికేం తెలుస్తది? చిన్నప్పుడు బాపు బండి మీద మందమర్రి పోతుంటే దూరపు గుట్ట కదిలేదే కాదు. లైటు ముంగట చినుకులే మొఖం మీదికి ఉరికొస్తుండె. గప్పుడు భయమైతుండె. గట్లనే మీ ఓడ కిటికీ పక్కపొంటి ఏదన్న పోవాలె. దగ్గరివి జల్ది, దూరంవి నిదానంగ."

"అంతరిక్షంల వాన పడుతదా?" నవ్వాడు.

"వాన కాకుంటే దుమ్ము." కిటికీలోంచి పడే ఎండలో జల్లెడ ఆడించి, ఎగిరే పిండి రేణువులను చూపించింది. "గిట్ల."

"పాలు పొంగుతున్నయి, జర అటు సూడు," అన్నది మూలన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త సాయవ్వ. హెప్సిబా అటే పోయింది. బీఎస్సీ లెక్కల్లో ఫస్ట్ క్లాసు వచ్చిన మనిషి. ఈ ఇంట్లో పదకొండేళ్లుగా ఆమెను అడిగింది కూరలో ఉప్పు సంగతే.

మూడోరోజు తెర మీద సన్నటి రేణువులు కిటికీని రాసుకుంటూ వెనక్కి ఉరికాయి. ఓడ దూసుకుపోయింది. ఆ పొద్దు తల్లి మాటలు విన్న పదేళ్ల కూతురు స్తుతి కుర్చీ గట్టిగా పట్టుకుని కేకపెట్టింది. అనిల్ కుమార్ తల తిప్పకుండానే, "చాయ్ పెడుతవా?" అన్నాడు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళకు అతనే ముందు లేచాడు. "ఓడకు వేగం ఎట్ల తేవాల్నో తెల్వక శానా పరేషాన్ అయిన. మోకాళ్ల మీద అడిగితే ప్రభువే నాకు చూపించిండు. కాలేజీల అందరు మెచ్చుకున్నరు."

"ఆమెన్!" అన్నది సంఘమంతా. ఆడవాళ్ల వైపు నుంచి హెప్సిబా కూడా.

స్తుతి తల్లి మొహంలోకి చూసింది. "అమ్మా, అది నువ్వు చెప్పినవ్ గదా?"

"ఉష్."

అన్న తర్వాత ఆమె చెవుల దాకా వేడెక్కింది. సిగ్గు అతని అబద్ధానికి కాదు. పిల్లకు జ్వరమొస్తే, "నువ్వే నౌకరీ మానెయ్, నీకే మంచిది," అని అతను అన్నప్పుడు తలూపింది. "మా కోడలికేం తెల్వది, అమాయకురాలు," అని అత్త చుట్టాల ముందు అంటే తనే ముందు నవ్వింది. అవన్నీ ఆమెన్‌లే. ఎవరూ అనిపించలేదు, తన నోరే అలవాటు పడింది. ఇవాళ ఆ అలవాటును వేలు పెట్టి పిల్ల పెదాల మీద అద్దింది.

"ఇంకెవరన్న ఉన్నరా?" అడిగాడు పాస్టర్.

హెప్సిబా కొంగు సర్దుకుని లేచింది. బెంచీ చివర సాయవ్వ ఉంది. ఆ పొద్దు చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది. కోడలి మొహం చూడలేదు. నొప్పుల మోకాళ్లను రెండు చేతులతో పట్టి పక్కకు జరిపి, దారి ఇచ్చింది.

హెప్సిబా ముందుకు నడిచి మైకు అందుకుంది. అవతలి వైపు అనిల్ కుమార్ తల దించుకున్నాడు.

"నాది సాక్ష్యం కాదు, అయ్యగారూ. ఇందాక నేనొక ఆమెన్ అన్న. అది వాపస్ తీసుకుంటున్న."