అల్లుడికి అతికించిన క్లోమం

“మధ్యాహ్నం పొట్ట తెరిచి క్లోమం తీసేస్తా మరదలా. ఆ తర్వాత వాణ్ణి నువ్వే నిద్రపుచ్చెయ్,” అన్నాడు సర్జన్.

ఆ నిద్రకు మెలకువ ఉండదని పశువైద్యురాలికి తెలుసు. సర్జన్ ఆమె సొంత అక్క మొగుడు. ‘వాడు’ అంటే, మరో కోతి క్లోమాన్ని అతికించుకున్న మగకోతి. వచ్చిననాటి నుంచీ రాచమర్యాదలే కాబట్టి ప్రయోగశాలంతా వాణ్ణి ‘అల్లుడు’ అంటుంది.

“షుగర్ ఆకాశంలో ఉంది. ఒళ్లు కొత్త క్లోమాన్ని తరిమేస్తోంది. దాన్ని ఆపాల్సిన మన మందు రక్తంలో చుక్క లేదు. వీడి పేగులు దాన్ని పీల్చుకోవట్లేదంతే. మందు దండగ.”

“పీల్చుకోకపోతే ఎక్కడికి పోయింది బావా?”

“ఎక్కడికి పోతుంది, పెంటతో పాటు కింద ట్రేలోకి! అదీ వెతుకుతావా ఏంటి?”

“వెతికించాను. అందులోనూ లేదు.”

“మీ అక్క ఊరికే అనలేదు. చీమ పోతున్నా ఎక్కడికని అడుగుతావట!”

ఆమె లేచి కోతుల గదిలోకి వెళ్లింది. అల్లుడి పక్క బోనులో ఉండే ఆడకోతి ‘ముసలమ్మ’ రెండు రోజులుగా సరిగా తినడం లేదు. ఆపరేషన్ లేదు, మందు లేదు, అల్లుడికి తోడుగా తెచ్చిన కోతి అది. మత్తిచ్చి, నోరు తెరిచి టార్చి వేసింది. నాలుక నిండా తెల్లటి బూజు.

ఒంట్లో రోగాలను అడ్డుకునే కాపలా సడలితే తప్ప ఈ బూజు నోట్లో కాపురం పెట్టదు. ఇక్కడ కాపలా నిద్రపోతోంది. మందు పడుతున్న అల్లుడి ఒంట్లోనేమో వీరంగం వేస్తోంది.

ముసలమ్మ రక్తం తీసి పరీక్షకు పరుగెత్తింది. ఫలితం పట్టుకుని ఆపరేషన్ గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మన మందు ముసలమ్మ రక్తంలో ఉంది బావా!”

“దానికెవడు పోశాడు?”

“అల్లుడికి ఇప్పుడు పండులో మందు పెట్టి చూద్దాం.”

“తిండి పెడితే ఇవాళ ఆపరేషన్ లేనట్టే, తెలుసుగా?”

“తెలిసే అడుగుతున్నా.”

సర్జన్ చేతికి వేసుకున్న గ్లోవ్స్ పీకేశాడు.

మత్తు దిగి ముసలమ్మ లేచి కూర్చున్నాక, రోజూలాగే అల్లుడికి అరటిపండు ముక్కలో మందు పెట్టి ఇచ్చారు. వాడు ఠక్కున నోట్లో వేసుకున్నాడు. “తిన్నాడు,” అంటూ సహాయకురాలు రెండు బోనుల మధ్య తలుపు జరిపింది. వాడికి ఒంటరితనం ఉండకూడదని, మందు పడగానే తలుపు తీయమన్నది పశువైద్యురాలే.

అల్లుడు మింగలేదు. బుగ్గసంచిలో దాచుకున్నాడు. ముసలమ్మ దర్జాగా నడిచొచ్చి వాడి దవడ పట్టుకుంది, వేలు పెట్టి ముక్క లాగింది, తినేసింది. వాడు కిక్కురుమనకుండా పేలు చూడమని వీపు తిప్పాడు.

“ఓర్నీ, అత్తగారి వాటా!” అన్నాడు సర్జన్.

మర్నాడు అల్లుడి క్లోమం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, దాడి ఇంకా మొదట్లోనే ఉంది. తలుపు మూసేశారు. మందు ఇంజెక్షన్‌గా మార్చారు, దాడిని అణచడానికి మరొకటి కలిపారు. షుగర్ మెల్లగా దిగింది. వారం తిరిగేసరికి అల్లుడి క్లోమం తన పని తాను చేసుకుంటోంది. మందు ఆగిన ముసలమ్మ నోరూ బాగుపడింది.

అయినా పశువైద్యురాలు బోను ముందు స్టూలు వేసుకుంది.

“మళ్లీ ఏమైంది?” అన్నాడు సర్జన్.

“ఆవిడ లాక్కుంటోందా, వీడే ఇస్తున్నాడా బావా?”

“వాడు బతికాడుగా. నీకెందుకు?”

“తలుపు తీసి, మందు లేని ఉత్త పండు ఇచ్చి చూస్తా. నువ్వూ కూర్చో.”

సర్జన్ గడియారం చూసుకుని, ఇంకో స్టూలు లాక్కున్నాడు.