ఫ్యాను వెయ్యని గది

మొదటి షిఫ్టు దిగి వచ్చిన సామ్యూల్ చెప్పులు గడప బయట విడిచి, ముందుగదిలో బాపు కుర్సీ పక్కన చాప మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. పొగ పైకి లేచేది. కుర్సీలో కూర్చున్న పొగ దాన్ని అందుకునేది.

శ్రీరాంపూర్ గని క్వార్టర్లలో ఆ ఇంటి ముందుగదిలో ఫ్యాను వెయ్యరని అందరికీ తెలుసు. సామ్యూల్ తండ్రి ప్రేమ్‌చంద్ చనిపోయాక కూడా ఆయన తాగిన బీడీల పొగ ఆ కుర్సీని వదల్లేదు. మోకాళ్లు, ఒళ్లో చేతులు, కాస్త ఎడమకు వాలిన తల, అన్నీ ఆయనవే. ఫ్యాను వేస్తే చెదిరిపోతాడు. కిటికీ తెరిస్తే భుజం కరుగుతుంది. అందుకే మే నెల ఎండల్లోనూ అన్నీ మూసే ఉంటాయి. పాలు పోసే ముత్తయ్య గడపలో నిలబడి "మంచిగున్నవా, పెద్దాయనా" అని పలకరించి పోతాడు. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు కుర్సీకి తగలకుండా ఒదిగి కూర్చుంటారు.

పొద్దూకే వేళ రెబెకమ్మ కుర్సీ ముందు పీట వేసుకుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఆనాటి ముచ్చట్లన్నీ భర్తకు చెప్పేది. ఆయన బతికున్నప్పుడు అంత తీరిక ఎప్పుడూ దొరకలేదు. గనిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు. షిఫ్టంతా నోరు కట్టుకుని పైకొచ్చిన మనిషి ఆ కుర్సీలో కూలబడి, వరసగా బీడీలు తాగి, అక్కడే నిద్రపోయేవాడు. ఆయన తరువాత ఉద్యోగంతో పాటు ఆ అలవాటూ సామ్యూల్‌కే వచ్చింది.

ఇంట్లో ఎవరో ఒకరు తాగుతుంటేనే ఆయన నిలుస్తాడు. ఒకసారి సామ్యూల్ సుల్తానాబాద్ పెళ్లికి పోయి నాలుగు రోజులు ఉండి వచ్చేసరికి బాపు పాదాలు కనిపించలేదు.

సామ్యూల్ బిడ్డ ఏంజెల్‌కు ఆయాసం ముదిరాక దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, తండ్రి వైపు తిరిగింది.

"ఇంట్ల ఎవరు తాగుతరు?"

"నేను, మేడం. మా బాపు పొగ కూడ ఉన్నది, కుర్సీల."

"పొగకు మందు రాయలేను. మీరు మానాలె. లేకుంటే ఈ పిల్ల దక్కది."

ఆమె పట్టీల డబ్బాలు చేతిలో పెట్టింది. బీడీలో ఉండే నికోటినే వీటిలోనూ ఉంటుందని, పొగ లేకుండా చర్మం నుంచి లోపలికి పోతుందని, మొదట పెద్దవి, తరువాత నడిమివి, చివరకు చిన్నవి వాడాలని చెప్పింది.

ఏంజెల్ డబ్బాలను వరసగా పేర్చి వాటి మీది అంకెలు చదివింది. "ఇరవై ఒకటి, పద్నాలుగు, ఏడు. డాడీ, ఇది ఏడో ఎక్కం. ఉల్టా వస్తుంది."

"ఏడు తర్వాత?" రెబెకమ్మ అడిగింది.

"తర్వాత సున్నా, నాయినమ్మా."

రెబెకమ్మ కుర్సీ వైపు చూసింది.

మరునాడు గని దగ్గర, దిగేవాళ్లను తడిమి చూసే అంజన్న చెయ్యి సామ్యూల్ భుజం మీద ఆగింది.

"ఏందిరా గిది?"

"బీడీ మాన్పే పట్టీ."

"అంటే బీడీని ఒంటికి అతికించుకొని దిగుతున్నవ్. ఆపాల్నా, వదలాల్నా?"

"అగ్గి లేదు గదనే."

"అగ్గి నీ మొకంల ఉన్నది. పో, పో."

లోపలి ఉక్కకు చెమట పట్టి పట్టీ జారిపోయేది. దాని మీద కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు అడ్డంగా వేసుకునేవాడు. తీసినప్పుడు చర్మం కూడా లేచి వచ్చేది. అయినా ఒక్క బీడీ ముట్టలేదు.

పెద్ద పట్టీలు అయిపోయేసరికి కుర్సీలో మోకాళ్లు లేవు. రెబెకమ్మ పీటను ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది. నడిమివి అయిపోయేసరికి ఒడి, చేతులు పోయాయి. చిన్నవి మొదలుపెట్టాక తల, మెడ మాత్రం మిగిలాయి. సామ్యూల్ అటు చూడలేక వంటింట్లోనే కూర్చుని తినేవాడు.

"అవ్వా, తిట్టన్న తిట్టు," అన్నాడు తల్లితో.

"ఎందుకు తిడుత? పిల్ల దగ్గు నాకు ఇనవడ్తలేదా?"

"బాపు కోసం ఒక్కటి తాగాల్నా?"

"ఆయన కోసం ఒకటి తాగితే నీ కోసం పది తాగుతవ్. ఆయన కొడుకువే గద."

కానీ మిగిలిన ఆ కాస్త పొగే పిల్లను పట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఏంజెల్ ముందుగదిలోనే కూలబడింది. గొంతులోంచి సన్నగా ఈల వస్తోంది. పీల్చే మందు పనిచెయ్యలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. సామ్యూల్ ఆటో కోసం ఉరికాడు. అతని భార్య దెబోరా లేచి ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి పెట్టింది.

"అత్తమ్మా, నేనేస్త. నన్నేమన్న అనుకో."

"జర ఆగు బిడ్డా. ఒక్క నిమిషం."

రెబెకమ్మ పీట మీద మోకాలు ఆనించి, భర్త ముఖం దగ్గరకు ముఖం తీసుకుపోయింది. నోరు తెరిచి మెల్లగా పీల్చింది. మెడ పోయింది. చెవులు పోయాయి. ఎడమకు వాలిన తల కూడా లోపలికి పోయింది. ఆమె కొంగుతో నోరు గట్టిగా మూసుకుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి గానీ పొగ మాత్రం వదల్లేదు.

"ఇగ వెయ్యి," అంది.

రెక్కల మీది ఏండ్ల దుమ్ము గదంతా రాలింది. దెబోరా కిటికీ తెరిచింది. ఆటో గడప ముందు ఆగేసరికి ఏంజెల్ తల్లి ఒళ్లో వెల్లకిలా పడుకుని, తిరుగుతున్న ఫ్యానును చూస్తూ ఊపిరి తీసుకుంటోంది.

వానలు పడ్డాక రెబెకమ్మకు దగ్గు మొదలైంది. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసింది.

"ఎన్నేండ్లు గనిల చేసినవమ్మా?"

"నేను దిగలే. దిగినాయనకు వండిపెట్టిన."

ఎక్స్‌రేలో తెల్లటి తల ఒకటి ఎడమ ఊపిరితిత్తి మీదికి వాలి ఉంది. సామ్యూల్ గుర్తుపట్టాడు. డాక్టరమ్మ అతన్ని బయటకు పిలిచి, ఈ చలికాలం దాటడం కష్టమంది. రెబెకమ్మకూ బీడీ అలవాటు ఉన్నట్టుందని, పట్టీలు వాడితే కొన్నాళ్లు ఎక్కువ బతుకుతుందని చెప్పింది.

ఇంటికొచ్చి సామ్యూల్ డబ్బా విప్పాడు.

"అవ్వా, చెయ్యి ఇటియ్యి."

"అతికిస్తే ఆయన పోతడు."

"లేకుంటే నువ్వు పోతవే."

"పిల్ల ఇంట్లున్నదిరా. నేను దొడ్ల కూసుంట," అంటూ ఆమె పీట పట్టుకుని లేచింది.

సామ్యూల్ తన భుజం మీది చివరి పట్టీని చొక్కా మీదుగా అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ముందుగదిలో ఏంజెల్ తాత కుర్సీలో కూర్చుని, ఫ్యాను కింద, ఎక్కాలు చదువుతోంది. దొడ్లోంచి దగ్గు వినబడింది. అది బాపు దగ్గు. షిఫ్టు దిగిన వేళకు అలాగే దగ్గేవాడు.

అతను కిటికీలోంచి చూశాడు. రెబెకమ్మ గోడకు ఆనుకుని బీడీ ముట్టించి, గట్టిగా ఒక దమ్ము లాగింది. చాలాసేపు చూశాడు. పొగ బయటికి రాలేదు.